ప్లగ్గులో 3 వేయాలా, 13 వేయాలా? ప్యాట్ టెస్టు చేసేటప్పుడు సరైన ఫ్యూజు ఎంచుకోవడం ఎలా

ఉగాది దగ్గరపడుతోందంటే బ్రిటన్‌లో ఉన్న తెలుగువాళ్ల నుంచి నాకు ఒకే రకం ఫోన్లు మొదలవుతాయి. "పండక్కి హాలు తీసుకున్నాం. మనం తెచ్చే ప్రతి కరెంటు వస్తువు మీదా ప్యాట్ (కరెంటు వస్తువుల భద్రతా పరీక్ష) స్టిక్కరు ఉండాలంటున్నారు. ఏం చేయాలి?" ఈ పని కొత్తగా నేర్చుకుంటున్న కుర్రవాళ్లు ఫ్యూజు ఆంపియర్ల గురించి మరొకటి అడుగుతారు. "ప్లగ్గులో 3 వేయాలా, 13 వేయాలా?" మొదటి ప్రశ్నకు జవాబు ఒక్క ముక్కలో అయిపోతుంది: టెస్టు చేయగలిగినవాళ్లతో చేయించండి. రెండో ప్రశ్న అలా తేలేది కాదు. ఫోనులో చెప్పీ చెప్పీ అలసిపోయి, ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను.

ఇదంతా బ్రిటన్‌లో వాడే మూడు చదరపు పిన్నుల ప్లగ్గు గురించి. దాని ప్రమాణం పేరు బీఎస్ 1363, అందులో కూర్చునే ఫ్యూజుది బీఎస్ 1362. దుబాయ్, దోహా, కువైట్, మస్కట్, సింగపూర్‌లలో ఉన్నవాళ్లు రోజూ చూసేదీ ఈ ఆకారపు ప్లగ్గే కాబట్టి ఫ్యూజు ఎంపిక వాళ్లకూ పనికొస్తుంది. హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్నవాళ్లు తమ గుండ్రటి పిన్నుల ప్లగ్గు విప్పి ఫ్యూజు కోసం వెతకనక్కరలేదు, అందులో ఉండదు.

ముందు ఒక్క మాట

ప్లగ్గులోని ఫ్యూజు కాపాడేది వస్తువును కాదు, తీగను. ఈ ఒక్కటీ బుర్రకెక్కితే మిగతావన్నీ తేలికే. బ్రిటన్ ఇళ్లలో సాకెట్లు చాలావరకు రింగు సర్క్యూట్ (సాకెట్లన్నిటినీ చుట్టి మొదలైన చోటికే తిరిగొచ్చే వైరింగ్) మీద ఉంటాయి, దాని వెనక ఉండేది 32 ఆంపియర్ల బ్రేకరు. టేబుల్ ల్యాంపు సన్న తీగలో ఏదో లోపం వచ్చి 20 ఆంపియర్లు పారుతున్నాయనుకోండి. ఆ బ్రేకరుకు అది మామూలు లోడే, కదలదు. ఆ తీగ వేడెక్కి, దాని తొడుగు కరిగి, పక్కనున్న పరదా అంటుకోకుండా ఆపగలిగేది ప్లగ్గులోని చిన్న ఫ్యూజు ఒక్కటే.

13 అని రాసి ఉన్న ఫ్యూజు 14 ఆంపియర్ల దగ్గర పోతుందని కూడా అనుకోకండి. ప్రమాణం ప్రకారం అది తన అంకెకు 1.6 రెట్లు, అంటే దాదాపు 20.8 ఆంపియర్లను, అరగంట పాటు మోయగలగాలి. 1.9 రెట్లు దాటితేనే అరగంటలోపు పోవాలి. 3 ఆంపియర్ల ఫ్యూజుకు ఇవే లెక్కలు 4.8, 5.7 అవుతాయి. ల్యాంపు తీగకు 13 వేయడమంటే ఏమిటో ఈ అంకెలే చెబుతున్నాయి.

దగ్గర ఉంచుకోవలసినవి

చిన్న, పెద్ద స్క్రూడ్రైవర్లు. మల్టీమీటరు. ప్యాట్ టెస్టరు. టార్చి (ఫోనులోది చాలు). తీగ మీది సన్న అక్షరాలు చదవడానికి భూతద్దం. నలభై దాటినవాళ్లకు ఇది విలాసం కాదు. ఒక నోటుపుస్తకం. అన్నిటికన్నా ముఖ్యం, 3, 5, 10, 13 ఆంపియర్ల ఫ్యూజులు తలా కొన్ని. చాలామంది పెట్టెలో 13 ఒక్కటే ఉంటుంది. పెట్టెలో ఉన్నదే ప్లగ్గులోకి ఎక్కుతుంది, తప్పు అక్కడే మొదలవుతుంది.

ఫ్యూజులు కొనేటప్పుడు ఒంటి మీద "బీఎస్ 1362" అనే ముద్ర, దానితోపాటు ఆస్టా గుర్తు గానీ కైట్‌మార్క్ గానీ (పరీక్షించి ఇచ్చే నాణ్యత ముద్రలు ఇవి) ఉన్నాయో లేదో చూడండి. ఇంటర్నెట్‌లో గుప్పెడు ఫ్యూజులు కారుచౌకగా వస్తున్నాయని ఎగబడకండి. నకిలీలు ఉన్నాయి. నకిలీ ఫ్యూజు పోవలసిన వేళ పోకపోవచ్చు, పోయినా పగిలి నిప్పు చిమ్మవచ్చు.

1. సాకెట్‌లోంచి తీయండి, తీసిందే తీయండి

స్విచ్ ఆపడం వేరు, ప్లగ్గు ఊడదీయడం వేరు. ప్లగ్గు పూర్తిగా బయటికి వచ్చి మీ చేతిలో ఉండాలి. ఆఫీసులో అయితే కంప్యూటర్ యజమానిని అడిగి, ఆయన చేతే షట్‌డౌన్ చేయించండి. ఫ్రిజ్ అయితే ఎంతసేపు ఆపవచ్చో ఇంటివాళ్లను కనుక్కోండి.

2. విప్పకముందు ప్లగ్గును కళ్లతో చదవండి

పగుళ్లున్నాయా? పిన్నుల మొదట్లో గోధుమరంగు మచ్చలున్నాయా? ముక్కు దగ్గర పెట్టుకుంటే కాలిన బేకలైట్ వాసన వస్తోందా? అటువంటి ప్లగ్గుకు ఫ్యూజు మార్చడం కాదు, ప్లగ్గే మార్చాలి.

పిన్నుల మీది నల్లటి తొడుగు చూడండి. ఫేజు, న్యూట్రల్ పిన్నుల మొదటి సగానికి తొడుగు ఉండాలి. పైనున్న పొడుగు ఎర్తు పిన్నుకు ఉండకూడదు. ఎర్తు పిన్నుకూ తొడుగుందంటే అది ప్రమాణానికి లొంగని ప్లగ్గు. ఫ్యూజు సంగతి ఆలోచించకుండా పక్కన పడేయండి.

ప్లగ్గు అడుగున, పిన్నుల మధ్య, "ఫ్యూజ్ 3ఏ" అనో "5ఏ" అనో అచ్చు వేసి ఉండవచ్చు. చిన్న కాగితం అంటించి ఉండవచ్చు. అది తయారీదారు మాట. దాన్ని ముందు నోటుపుస్తకంలో రాసుకోండి.

3. ఫ్యూజు బయటికి తీసి అంకె చదవండి

పోతపోసిన ప్లగ్గు (తీగతో కలిపి ఒకే ముద్దగా వచ్చే, విప్పలేనిది) అయితే పిన్నుల మధ్యనున్న చిన్న మూతను స్క్రూడ్రైవరు కొనతో లేపితే ఫ్యూజు వస్తుంది. ఆ మూత లేకుండా ఫ్యూజు నగ్నంగా కనిపిస్తున్న ప్లగ్గులు నాకు అప్పుడప్పుడూ తగులుతుంటాయి. ప్లగ్గు దూర్చేటప్పుడు వేలు ఆ సందులోకి వెళితే నేరుగా కరెంటును తాకినట్టే. వేరే ప్లగ్గు మూత తెచ్చి ఇరికించకండి, సరిగా పట్టదు. ప్లగ్గు మార్చండి.

మధ్యలో మరతో విప్పే ప్లగ్గు అయితే ఫ్యూజుతో పాటు లోపలి వైరింగ్ కూడా చూడండి. ఎర్తు పైకి ఉండేలా తెరిచి పట్టుకుంటే, గోధుమరంగు తీగ కుడివైపు ఫ్యూజుకు, నీలం ఎడమకు, ఆకుపచ్చ-పసుపు పైకి వెళ్లాలి. తీగను పట్టే బిగింపు పైతొడుగు మీద పడాలి, లోపలి సన్న తీగల మీద కాదు. ఎర్తు తీగ మిగతావాటికన్నా కాస్త వదులుగా, పొడుగ్గా ఉండాలి. ఎవరైనా తీగ గుంజితే ఆఖరున ఊడవలసింది అదే. పోగుల కొసలకు టంకం వేసి మరకింద బిగించి ఉంటే ఆ ముక్క కత్తిరించి మళ్లీ బిగించండి. టంకం మెల్లగా అణిగి, మర వదులవుతుంది.

ఫ్యూజు రంగు 3 ఆంపియర్లకు ఎరుపు, 13కు గోధుమ, మిగతా అన్నిటికీ నలుపు. అయినా రంగును నమ్మకండి, అంకె చదవండి. నల్ల ఫ్యూజు 5 కావచ్చు, 10 కావచ్చు.

ఒకసారి ఒక వంటశాలలో హాట్‌కేసు ప్లగ్గు విప్పాను. ఫ్యూజు వెండిలా మెరిసిపోతోంది. గోటితో గీరితే పొర ఊడింది. పోయిన ఫ్యూజుకు అన్నం పొట్లాలు చుట్టే రేకును రెండు చుట్లు చుట్టి మళ్లీ పెట్టారు. వంటమాస్టరు మన గోదావరి జిల్లా మనిషే. "ఊళ్లో కిట్‌క్యాట్ ఫ్యూజుకు ఒక పోగు నిలవకపోతే రెండు పోగులు వేసేవాళ్లం కదండీ" అన్నాడు, అమాయకంగానే. ఆ పింగాణీ ఫ్యూజులకు రెండు, మూడు పోగులు మెలిపెట్టిన చేతులు మనలో చాలామందికి ఉన్నాయి, నావీ అందులోవే. ఊళ్లోనూ అది తప్పే. ఇక్కడ మరీ తప్పు, ఎందుకంటే ఆ రేకు వెనక 32 ఆంపియర్ల బ్రేకరు తప్ప ఇంకేమీ లేదు.

4. వస్తువు ఎంత లాగుతుందో లెక్క కట్టండి

వస్తువు వెనకో అడుగునో రేటింగు పలక ఉంటుంది. ఆంపియర్లు ఇచ్చి ఉంటే అదే తీసుకోండి. వాట్లు మాత్రమే ఉంటే 230తో భాగించండి. 60 వాట్ల ల్యాంపు 0.26 ఆంపియర్లు. 750 వాట్ల మిక్సీ 3.26. 2400 వాట్ల ఇస్త్రీపెట్టె 10.4. 3000 వాట్ల కెటిల్ 13.04, అంటే 13 మీద వెంట్రుకవాసి ఎక్కువ. దానికి 13 ఫ్యూజే వేస్తారు, కంగారు పడకండి.

ఇక్కడ అందరూ పడే గొయ్యి మైక్రోవేవ్. తలుపు మీద "800 వాట్లు" అని పెద్దగా ఉంటుంది. అది అన్నానికి అందే వేడి. గోడలోంచి లాగేది వెనక పలక మీద ఉంటుంది, 1200 దాటి ఉండటం మామూలు. తలుపు మీది అంకె పట్టుకుని 3.5 ఆంపియర్లు అని లెక్క వేస్తే మొత్తం తప్పుతుంది. ఎప్పుడూ వెనక పలకే చూడండి.

5. తీగ మందం చదవండి

చాలామంది వదిలేసే మెట్టు ఇది. నా లెక్కలో అసలు మెట్టు ఇదే. తీగ పైతొడుగు మీద ఉబ్బెత్తుగానో అచ్చుగానో ఒక వరస ఉంటుంది. టార్చి పక్కనుంచి పడేలా పట్టుకుంటే కనిపిస్తుంది. "హెచ్05 వీవీ-ఎఫ్ 3జీ 0.75" లాంటిది. 3జీ అంటే ఎర్తుతో కలిపి మూడు తీగలు. 2ఎక్స్ అంటే ఎర్తు లేని రెండు. చివరి అంకె ఒక్కో తీగ అడ్డుకోత, చదరపు మిల్లీమీటర్లలో.

మామూలుగా 0.5 తీగ 3 ఆంపియర్లు మోస్తుంది, 0.75 తీగ 6, 1.0 తీగ 10, 1.25 తీగ 13. ఈ నాలుగు జతలు అట్ట మీద రాసి టెస్టరు పెట్టె మూత లోపల అంటించుకోండి.

6. ఇప్పుడు నిర్ణయించండి

వరస ఇది. తయారీదారు ఏ ఫ్యూజు చెప్పాడో తెలిస్తే అదే వేయండి, వాదించకండి. తెలియకపోతే: వస్తువు లాగే కరెంటు కన్నా తక్కువ కాకూడదు, తీగ మోయగలిగినదాన్ని దాటకూడదు. ఈ రెండింటి మధ్య దొరికే చిన్న ఫ్యూజు వేయండి.

పుస్తకాల్లో, తరగతుల్లో 700 వాట్ల వరకు 3, ఆ పైన 13 అని చెబుతారు. ఇక్కడ అమ్మే వస్తువులను ఎక్కువగా ఈ రెండు ఫ్యూజులకే సర్దుతారు కాబట్టి ఆ సూత్రం నూటికి ఎనభై చోట్ల నడుస్తుంది. మిగతా ఇరవై చోట్లే మనకు పని.

మోటారు ఉన్న వస్తువులు మొదటివి. ఫ్రిజ్ నడిచేటప్పుడు లాగేది ఒక ఆంపియరు కూడా ఉండకపోవచ్చు, కానీ కంప్రెసరు లేచే క్షణంలో దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. లెక్క చూసి 3 వేశారనుకోండి. ఏదో ఒక రాత్రి ఫ్యూజు పోతుంది, పొద్దున్నే ఫ్రీజరులోని చేపలు నీళ్లలో తేలుతుంటాయి. తయారీదారు 13 ఇచ్చి ఉంటే, తీగ తగినదై ఉంటే, దాన్ని అలాగే వదిలేయండి. వ్యాక్యూమ్ క్లీనర్లకూ ఇదే మాట.

రెండోది, తీగ సన్నగా కనిపించినా సరైనదే అయిన సందర్భం. కెటిల్‌కు 1.0 తీగ, 13 ఫ్యూజు చూసి కొత్తవాళ్లు ఫెయిల్ రాసేస్తారు. గృహోపకరణాల ప్రమాణంలో, తీగ రెండు మీటర్లు మించకపోతే, ఒక మెట్టు సన్న తీగ వాడటానికి అనుమతి ఉంది. 10 ఆంపియర్ల వరకు 0.75, 16 వరకు 1.0. ఫ్యాక్టరీ నుంచి అలా వచ్చిన పొట్టి తీగను తప్పు పట్టకండి. అదే కెటిల్‌కు ఎవరో నాలుగు మీటర్ల తీగ మార్చి ఉంటే మాత్రం పట్టుకోండి.

మూడోది, రెండు కొసలా ఊడే తీగ, అంటే కంప్యూటరుకో మానిటరుకో పెట్టే విడి లీడు. దీన్ని వస్తువుగా లెక్కపెట్టండి, దేనికి తగిలించారన్నది మరిచిపోండి. ఈరోజు మానిటరుకు ఉన్న లీడు రేపు రైస్ కుక్కరుకు వెళుతుంది. ఆ వెడల్పాటి మూడు చీలికల కనెక్టరు సామర్థ్యమే 10 ఆంపియర్లు. నేనైతే 0.75 తీగకు 5, 1.0 తీగకు 10 వేస్తాను. ల్యాప్‌టాప్ ఛార్జరు లీడు కొసన మూడు రేకుల పువ్వులా ఉండే కనెక్టరు 2.5 ఆంపియర్లదే. దానికి 3 చాలు. అందులో 13 కనిపిస్తే అది దాదాపు ఎప్పుడూ ఎవరో చేత్తో మార్చిందే.

ఎక్స్‌టెన్షన్ బోర్డులకు 13, కానీ తీగ 1.25 అయినా ఉండాలి. 1.25 తీగ 12 మీటర్లకు, 1.5 తీగ 15 మీటర్లకు మించకుండా చూసుకోండి. చుట్టగా ఉండే రీలు అయితే దాని మీద రెండు అంకెలుంటాయి, చుట్టి ఉన్నప్పుడు ఎంత, పూర్తిగా విప్పినప్పుడు ఎంత అని. చుట్టి ఉంచే వాడతామని ఎవరైనా అంటే చిన్న అంకె చూపించండి. నాలుగు సాకెట్లు ఉన్నాయి కదా అని హాలులో రెండు హీటర్లు, ఒక టీ డ్రమ్ము ఒకే బోర్డుకు తగిలిస్తారు. ఆ నాలుగింటికీ కలిపి ఉన్నది ఒక్క 13 ఆంపియర్ల ఫ్యూజే.

మన ఊరి మిక్సీ, గ్రైండరు సంగతి

ఎక్కువ ప్రశ్నలు వచ్చేది దీని గురించే కనుక కాస్త ఆగుతాను. వోల్టేజీ సమస్య లేదు. అక్కడా ఇక్కడా 230 వోల్టులు, 50 హెర్ట్‌జ్. సమస్య ప్లగ్గుతోనే.

బ్రిటన్ సాకెట్‌లో ఎర్తు పిన్ను లోపలికి వెళితేనే కింది రెండు రంధ్రాల తలుపులు తెరుచుకుంటాయి. మనవాళ్లు పై రంధ్రంలో పెన్ను మూతో చెంచా కాడో దూర్చి, తలుపులు తెరిచి, రెండు గుండ్రటి పిన్నుల ప్లగ్గును నెట్టేస్తారు. నేను ఈస్ట్ హామ్‌లో చూశాను, లెస్టర్‌లో చూశాను. అలా పెట్టిన మిక్సీకి ఎర్తూ లేదు, ఫ్యూజూ లేదు. ఆ సన్న తీగకు కాపలా 32 ఆంపియర్ల బ్రేకరు.

అన్ని దేశాలకూ పనికొచ్చే ట్రావెల్ అడాప్టర్లు ప్రయాణానికి సరే, వంటింట్లో శాశ్వతంగా వద్దు. చాలావాటిలో ఎర్తు కలవదు, కొన్నిటిలో ఫ్యూజే ఉండదు. పాత ప్లగ్గు కత్తిరించి, సరైన 13 ఆంపియర్ల ప్లగ్గు బిగించి, అందులో తగిన ఫ్యూజు పెట్టడమే మంచి దారి. పాత తీగల్లో ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, పచ్చ ఎర్తు కావచ్చు. రంగును నమ్మి బిగించకుండా మల్టీమీటరుతో ఎర్తు తీగ వస్తువు లోహానికి కలుస్తోందో లేదో చూసుకోండి.

750 వాట్ల మిక్సీకి లెక్క 3.26 వచ్చింది కదా. 3 చాలదు. తీగ 0.75 ఉంటే 5 వేస్తాను. రాళ్లు తిరిగే బల్లమీది వెట్ గ్రైండరు 150 వాట్లది అయితే 3తో మొదలుపెట్టి, పిండి నిండా వేసి నాలుగైదుసార్లు ఆపి, మళ్లీ నడిపి చూస్తాను. నిలిస్తే అదే ఉంచుతాను. ఊరికే పోతుంటే 5కు వెళతాను, తీగ ఒప్పుకుంటేనే. 700 వాట్ల కుక్కరు సరిగ్గా గీత మీద ఉంటుంది, 3.04. దానికీ 5 వేయండి.

వస్తువు ఒళ్లంతా లోహం, లోపల ఎర్తు లేకుండా రెండే తీగలు, పలక మీద చతురస్రంలో చతురస్రం గుర్తు (ఎర్తు అక్కరలేని డబుల్ ఇన్సులేషన్ వస్తువని చెప్పేది) లేదు. ఇలాంటిది దొరికితే ఏ ఫ్యూజు వేసినా పాస్ చేయకండి. వారసత్వంగా వచ్చిన గ్రైండరు అన్నా సరే.

కత్తిరించిన పోత ప్లగ్గును చెత్తబుట్టలో వేసేముందు అందులోని ఫ్యూజు తీసి, పిన్నులు వంచేయండి. మిగిలిన రెండంగుళాల తీగతో ఉన్న ప్లగ్గును ఏ పిల్లవాడైనా సాకెట్‌లో పెడితే కొసన కరెంటు తేలుతుంది.

7. ఫ్యూజు పెట్టేముందు దాన్ని పరీక్షించండి

మల్టీమీటరును ఓమ్‌ల మీద పెట్టి ఫ్యూజు రెండు టోపీలకూ ఆనించండి. దాదాపు సున్నా చూపాలి. కొత్త ప్యాకెట్‌లోదైనా సరే చూడండి. పెట్టాక వేలితో కదిపి చూడండి, గట్టిగా పట్టి ఉండాలి. పట్టే రేకులు వదులైతే ఫ్యూజు సరైనదైనా వేడెక్కుతుంది. ఫ్యూజు టోపీ నీలంగా, నల్లగా మారి ఉందంటే కారణం సాధారణంగా ఈ వదులే. ఆ ప్లగ్గునూ మార్చండి.

8. ఆ తరవాతే టెస్టరు

పచ్చదీపం వెలిగింది కాబట్టి ఫ్యూజు సరైనదే అనుకోవడమే అన్నిటికన్నా పెద్ద పొరపాటు. టెస్టరుకు ఫ్యూజు మీది అంకె తెలియదు. 3 ఉండవలసిన చోట 13 ఉన్నా అది నవ్వుతూ పాస్ ఇస్తుంది. ఆ అంకె చూడగలిగేవి మీ కళ్లే.

ఎర్తు ఉన్న వస్తువుకు ఎర్తు కంటిన్యూటీ (ఎర్తు దారి తెగకుండా ఉందో లేదో చూసే నిరోధం) 0.1 ఓమ్‌కు తీగ సొంత నిరోధం కలిపినంతకు మించకూడదు. 0.75 తీగ మీటరుకు 0.026 ఓమ్. మూడు మీటర్ల తీగకు 0.078, దానికి 0.1 కలిపితే 0.178 వరకు సరే. ఇన్సులేషన్ (కరెంటు ఎర్తుకు లీకవకుండా ఆపే నిరోధం) 500 వోల్టుల దగ్గర, ఎర్తు ఉన్నవాటికి కనీసం 1 మెగా ఓమ్, రెండు చతురస్రాల గుర్తున్నవాటికి కనీసం 2. సర్జ్ ప్రొటెక్షన్ (వోల్టేజీ ఒక్కసారిగా ఎగసినప్పుడు కాపాడే ఏర్పాటు) ఉన్న బోర్డులు 500 దగ్గర ఉత్తపుణ్యానికి ఫెయిల్ చూపిస్తాయి, వాటికి 250 వోల్టులతో చేయండి.

ఇందులో ఒక చిక్కుంది, కొత్తవాళ్లకు ఎవరూ చెప్పరు. ఫ్యూజు పోయిన వస్తువు కూడా ఈ రెండు టెస్టుల్లో పాస్ కావచ్చు. ఎర్తు దారిలో ఫ్యూజు లేదు, కనుక ఎర్తు టెస్టుకు తేడా తెలియదు. ఇన్సులేషన్ టెస్టు ఫేజును, న్యూట్రల్‌ను కలిపి ఎర్తుతో పోలుస్తుంది. ఫ్యూజు తెగి ఉంటే ఫేజు తీగను టెస్టు ఆ దారిలో ముట్టుకోనే ముట్టుకోదు. అందులో లోపమున్నా బయటపడకపోవచ్చు. వస్తువు సొంత స్విచ్ ఆపి ఉన్నా అంతే. అందుకే మంచి ఫ్యూజు పెట్టాక, స్విచ్ వేసి ఉంచి, అప్పుడు టెస్టు చేయాలి.

9. నడిపి, చేయి పెట్టి చూడండి

అన్నీ పాస్ అయ్యాక వస్తువును పూర్తి లోడు మీద పది, పదిహేను నిమిషాలు నడపండి. కెటిల్, హీటరు లాంటివాటి ప్లగ్గు గోరువెచ్చగా ఉండటం సహజం. చేయి ఆనించి ఉంచలేనంత వేడి సహజం కాదు. అప్పుడు సాకెట్‌నూ అనుమానించండి. మరో సాకెట్‌లో చల్లగా ఉంటే జబ్బు గోడలో ఉంది, ఎలక్ట్రీషియన్‌కు చెప్పాలి.

కొత్త ఫ్యూజు వేయగానే ఠపీమని పోతే లోపల షార్టు ఉంది. ఇంకో ఫ్యూజు వేసి చూద్దాం అనకండి, పెద్దది అసలే వేయకండి. పది నిమిషాలు నడిచాక పోతే లోడు ఎక్కువైంది, లేదా మోటారు బిగుసుకుంటోంది. గ్రైండరులో అయితే ముందు పిండి ఎంత గట్టిగా ఉందో చూడండి, సగంసార్లు దోషం దానిదే.

10. రాసిపెట్టండి

వస్తువు పేరు, తీగ మందం, ఉన్న ఫ్యూజు, వేసిన ఫ్యూజు, ఎందుకు మార్చారు. "మిక్సీ, 0.75, ఉన్నది 13, వేసింది 5, తీగ చాలదు." ఇంత చాలు. తప్పు ఫ్యూజు ఒక్కటే లోపమైతే అక్కడే మార్చి పాస్ చేయవచ్చు, కానీ మార్చినట్టు రాయాలి. వచ్చే ఏడు అదే మిక్సీలో మళ్లీ 13 కనిపిస్తే, ఆ వంటింట్లో ఎవరో ఫ్యూజులు మారుస్తున్నారని మీకు తెలుస్తుంది. అప్పుడు వాళ్లను పిలిచి మాట్లాడవలసి ఉంటుంది.

తీసిన పాత ఫ్యూజుల్లో పోయినవాటిని అక్కడికక్కడే చెత్తబుట్టలో వేయండి. జేబులో వేసుకోవద్దు. పైన పింగాణీ కాబట్టి పోయినదీ మంచిదీ చూపుకు ఒక్కలాగే ఉంటాయి. సాయంత్రం జేబులోంచి పెట్టెలోకి, పెట్టెలోంచి మరునాడు ఎవరి ఫ్రిజ్‌లోకో వెళతాయి. నాకు ఒకసారి అలా జరిగింది. మళ్లీ నలభై మైళ్లు కారు నడుపుకుంటూ వెళ్లి మార్చి వచ్చాను.